మంచె మీద ఎర్రచీర

1949 జూన్ 19, ఆదివారం

సీటు వచ్చింది! సీటు వచ్చింది, సీటు వచ్చింది. మూడుసార్లు రాసినా చేతికి తృప్తి లేదు. హైదరాబాదులో, యూనివర్సిటీ వాళ్ల ఆడపిల్లల కాలేజీలో, ఇంటర్మీడియట్ మొదటి ఏడు. ఆలేరు పక్కన జొన్నచేలు దున్నుకునే సాయిలు బిడ్డ కౌసల్య కాలేజీకి పోతుంది! అమ్మకు చెబితే నా నోట్లో బెల్లంముక్క పెట్టి తను ఏడుస్తూ కూర్చుంది.

కబురు తెచ్చింది లచ్చయ్య మామ. రైల్వే గుమాస్తా. ఇన్నేళ్లూ సికింద్రాబాదులో మామ వాళ్లింట్లో ఉండే నేను మెట్రిక్ దాకా వచ్చాను. ఇప్పుడు మామకు కాజీపేటకు బదిలీ అయింది. అంటే పట్నంలో నాకు సీటు ఉంది, ఇల్లు లేదు.

సాయంత్రం వాకిట్లో పెద్ద పంచాయితీ. "హాస్టల్ల ఏద్దాం బావా, మంచిగ చూసుకుంటరు" అన్నాడు మామ. బాపును కన్న అవ్వ లేచి కూర్చుంది. "హాస్టలా? ఆడ ఎవలు వండుతరో ఎవలు వడ్డిస్తరో! పెండ్లి గావలసిన పిల్లను ఊరు గాని ఊర్ల పండబెడుతరా?"

బాపు చాలాసేపు చుట్ట పట్టుకుని, ముట్టించకుండా ఆలోచించాడు. "రైలున్నది గదా. పొద్దుగాల పోతది, మాపటికి వస్తది. దసరా దాక సూద్దాం. గని దీపం పెట్టే యాళ్లకు పిల్ల ఇంట్ల ఉండాలె. ఒక్కనాడు తప్పినా సదువు బందు."

నన్నెవరూ అడగలేదు. అడిగితే నేనూ రైలే అనేదాన్ని. అమ్మ కోసం. నేను హాస్టల్లో ఉంటే అమ్మకు తోడెవరు? రోజుకు రెండుసార్లు కిటికీ పక్కన కూర్చోవచ్చన్నది వేరే సంగతి.

ఈ డైరీ మామ ఇచ్చాడు. "ఏమన్న రాయి గని కమ్యూనిస్టు దళాల ముచ్చట, మిలిట్రీ క్యాంపు ముచ్చట రాయకు" అన్నాడు. రాయను. పోయినేడు ఇదే వానాకాలంలో, ఊరికి వచ్చిన నన్ను రజాకార్లకు భయపడి గడ్డివాము వెనక దాచారు. ఈ ఏడు కాలేజీ. ఇంత రాసుకుంటే చాలు.

జూన్ 21

నిద్ర పట్టడం లేదు. పాసు నా తలగడ కింద ఉంది. రైలుపాసు!

జూన్ 27, సోమవారం

మొదటి రోజు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జనానా డబ్బా ఎక్కితే నిలబడడానికి కూడా చోటు లేదు. అంతా పెరుగు, కూరగాయలు పట్నానికి మోసుకుపోయే ఆడవాళ్లు. అక్కడ చోటు మనుషులను బట్టి కాదు, కుండలను బట్టి. ముందు కుండకు జాగా, దాని పక్కన కుండ గలామెకు జాగా. నా దగ్గర ఏ కుండా లేదు. చేతిలో పుస్తకాలు చూసి ఎవరూ జరగలేదు.

పెరుగు అమ్మే సోమమ్మ అని ఒకామె, నుదుటి మీద రూపాయంత బొట్టు, నన్ను ఎగాదిగా చూసింది. "ఎవలి బిడ్డవు?"

"సాయిలు బిడ్డను."

"బాయికాడి సాయిలా? గట్లైతే గీ ముంత ఒళ్లె పెట్టుకో. నీకు సుత జాగ దొరుకుతది."

ముంత ఒళ్లో పెట్టుకోగానే అందరూ జరిగారు! అలా పెరుగుముంతతో పాటు నేను యూనివర్సిటీకి చేరాను.

ఆలేరు స్టేషను వదలగానే రైలు మా చేను పక్కనుంచే పోతుంది. బావి గడ్డ మీద అమ్మ నిలబడి ఉంది. చేయి ఊపాను. అమ్మ రెండు చేతులూ ఊపింది. డబ్బాలో అందరూ నవ్వారు. నవ్వనీ.

జూలై 6

పాఠాలు సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు. ఈ రోజు చరిత్ర క్లాసులో నేను నిద్రపోయానని అందరూ అంటున్నారు. నిద్రపోలేదు. కళ్లు మూసుకుంటే ఇంగ్లీషు బాగా చెవికెక్కుతుంది.

ముందు బెంచీలో ఒక అమ్మాయి ముక్కు ఎగబీల్చి, "ఎక్కడిదీ పెరుగు వాసన?" అంది. నా చరిత్ర పుస్తకం నుంచే. సోమమ్మ ముంత కొంచెం ఒలికింది. నా పక్కనమ్మాయి మాత్రం "నాకు ఆకలైతాంది, ఎంత మంచి వాసన" అని గట్టిగా అంది. పేరు సావిత్రమ్మ. కల్వకుర్తి పిల్ల. ఈమెతో నాకు చాలా రోజులు స్నేహం నడుస్తుందనిపిస్తోంది.

జూలై 20

సావిత్రమ్మ నన్ను తన హాస్టలుకు తీసుకుపోయింది. నాకేం నచ్చలేదు.

నల్లా తిప్పితే నీళ్లు వస్తాయి. వరండాలో పొడుగాటి బల్ల వేసి ఉంది, అందరూ ఎదురెదురుగా కూర్చుని చదువుకుంటారు, ఒకరికి తెలియంది ఒకరు చెప్పుకుంటారు. దీపం పొగ రాదు. సావిత్రమ్మ గదిలో రెండో మంచం ఖాళీ. కిటికీ పక్కన. కిటికీలోంచి వేపచెట్టు, దాని వెనక రోడ్డు. మంచం మీద ఒకసారి కూర్చుని చూశాను, ఊరికే. నులక గట్టిగా ఉంది.

"మా ఊరికి రైలు లేదు. గందుకే నాకు ఫికర్ లేదు, వచ్చి ఈడ పడ్డ" అంది సావిత్రమ్మ. "నీకు రైలుండుడే తిప్పలైంది."

నేను "అమ్మ ఒక్కతే ఉంటుంది" అన్నాను. "మీ బాపు, మీ అవ్వ లేరా?" అంది. కల్వకుర్తి వాళ్లకు మాట ఎలా మాట్లాడాలో తెలియదు.

ఆగస్టు 14, ఆదివారం

జొన్న నా తలను దాటింది. బావి గడ్డ మీద అమ్మ వారం నుంచి కనబడడం లేదు. నేను ఊపుతూనే ఉన్నాను, జొన్నలకు ఊపినట్టుంది.

బాపు చేను మధ్యలో మంచె వేశాడు. ఇక అమ్మ పొద్దున్నే వడిసెల పట్టుకుని మంచె ఎక్కి పిట్టలను కొడుతుంది. అయినా ఆ మాసిన చీరలో, ఆ ముసురులో, రైలు నుంచి చూస్తే అమ్మకూ గుంజకూ తేడా తెలియదు.

నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది! అమ్మ పెట్టె అడుగున ఒక ఎర్ర నేతచీర ఉంది. అమ్మమ్మ వాళ్లు పెట్టింది. ఎన్నడూ కట్టదు. అడిగితే "పెండ తీసేదానికి ఎర్రచీరేంది" అంటుంది. "దాన్ని గుంజకు కట్టమ్మా, నాకు రెండు మైళ్ల నుంచి కనబడతది" అన్నాను.

"పుట్టింటి చీరను గుంజకు కడుతరే పిచ్చిదానా?" అని నన్ను వీపు మీద ఒకటి కొట్టింది. తర్వాత పెట్టె తీసి, చీర బయటికి తీసి, మడత విప్పి చూస్తూ కూర్చుంది. ఒప్పుకుంది. ఈ ఇంట్లో తెలివి నాకొక్కదానికే ఉంది.

ఆగస్టు 16

కనబడింది! ఎర్రగా, జొన్నచేను మీద! నేను అరిచేసరికి సోమమ్మ ముంత మూత కింద పడింది.

సెప్టెంబర్ 9

పక్క ఊళ్లో క్యాంపు వాళ్లు ఇళ్లు సోదా చేశారు. ఎవరిని తీసుకుపోయారో రాయను.

అమ్మ నన్ను పశువుల కొట్టంలోకి పిలిచింది. "బిడ్డా, మాపటి రైలుల సుత మంచె దిక్కు చూడు. చీర ఉంటె దిగు. లేకుంటె మనూర్ల మిలిట్రీ ఉన్నట్టు. ఆలేర్ల దిగకు, సక్కగ కాజీపేటకు మామ తానకు పో."

"బాపుకు తెలుసా?"

"చెప్పకు. ఆయన ఫికర్ చేస్తడు. బందు పెడుతడు."

కాబట్టి ఇప్పుడు చీరకు పొద్దున ఒక అర్థం, సాయంత్రం ఒక అర్థం. నాకు భయం వేయాలి. వేయలేదు, గర్వంగా ఉంది. మా అమ్మకు అక్షరం ముక్క రాదు, రైలంత దూరానికి నాతో మాట్లాడుతుంది.

సెప్టెంబర్ 21

ఒళ్లు నొప్పులు లేవు. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రమే.

అక్టోబర్ 5, బుధవారం

దసరా అయిపోయింది. పొద్దు కురచయింది. అదే రైలు, అదే వేళకు వస్తుంది, కానీ జూలైలో వెలుగులో దిగేదాన్ని, ఇప్పుడు మసక మసకలో దిగుతున్నాను. బాపు స్టేషనుకు కందీలు వెలిగించుకుని వస్తున్నాడు.

ఈ రోజు రైలు ఆలస్యం. బాగా చీకటి పడింది. దారంతా బాపు కందీలు పట్టుకుని ముందు నడిచాడు, నేను వెనక. అయిపోయింది, చదువు బందు అనుకుంటూ గడప తొక్కాను. ఇల్లంతా చీకటి. అవ్వ చీకట్లో కూర్చుని ఉంది, పక్కన ముట్టించని దీపం.

"వచ్చినవా? మంచిది. ఇప్పుడే దీపం పెడుతున్న. సాయిలూ, చూడు, పిల్ల యాళ్లకే వచ్చింది" అని అగ్గిపుల్ల గీసింది.

బాపు బయటికి పోయి తెగ దగ్గాడు. ఆ దగ్గు ఎలాంటిదో నాకు తెలుసు. అవ్వను గట్టిగా వాటేసుకున్నాను. "దూరం జరుగు, పెరుగు వాసనొస్తున్నవు" అంది.

హాస్టలు వాళ్లు పదిహేనో తారీఖులోగా చెప్పమన్నారు, కిటికీ పక్క మంచం వేరేవాళ్లు అడుగుతున్నారట. ఎందుకు చెప్పాలి? రైలు బాగానే నడుస్తోంది కదా. బాపు కూడా "నడవనీ" అన్నాడు. అన్నం తింటూ కంచం ముందే కునికానట, అమ్మ చెప్పింది. కళ్లు మూసుకుని నమిలాను, అంతే.

అక్టోబర్ 12, బుధవారం. కాజీపేట

చీర లేదు.

మసకలో కనబడలేదేమో అనుకున్నాను. సోమమ్మ కూడా చూసింది. చీర లేదు, మంచె కూడా లేదు. పడిపోయి ఉంది. బండి ఆలేరులో ఆగింది. నేను లేచాను. సోమమ్మ నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. అమ్మ చెప్పింది ఆమెకు ఎప్పుడు తెలిసిందో! "మీ అమ్మ మాట యినాలె. నేను దిగి చూస్త. నువ్వు మామ తానకు పో" అంది, ముంతలు నెత్తిన పెట్టుకుని దిగిపోయింది.

మామ ఇంట్లో నాకు అన్నం పెట్టారు. తిన్నాను. ఎందుకు తిన్నానో.

అక్టోబర్ 13

పొద్దున మామా నేనూ వచ్చాము. బాపును క్యాంపుకు తీసుకుపోయారు.

నిన్న మధ్యాహ్నం సిపాయిలు పట్టాలు చూసుకుంటూ వచ్చారు. మంచె మీద ఎర్రగుడ్డ! దళం జెండా అనుకున్నారు, లేకపోతే దళానికి సైగ. కింద బాపు మోట కొడుతున్నాడు. "ఎందుకు కట్టారు?" అంటే "నాకు తెల్వది" అన్నాడు. నిజంగా తెలియదు. మా చేలో మా మంచె మీద చీర ఏంటో బాపుకు మేము చెప్పనే లేదు. చూసి, పిట్టలకు కట్టిందేమో అనుకుని ఉంటాడు. అంతలో అమ్మ సద్ది పట్టుకుని వచ్చింది, భయపడి "ఆరేసిన సారూ" అంది. జొన్నచేను మధ్యలో ఎవరు చీర ఆరేస్తారు? మంచె పడగొట్టారు, చీర పట్టుకుపోయారు, బాపునూ పట్టుకుపోయారు.

చీర కట్టడం అమ్మే మొదలుపెట్టింది కదా. సాయంత్రం సైగ అమ్మదే. నేను ఒకవేళ అన్నా ఊరికే అని ఉంటాను.

ఆగస్టు పేజీ తిప్పి చదివాను. పుస్తకం మూసేశాను. మళ్లీ తీసి రాస్తున్నాను, ఎందుకంటే జరగాల్సింది ఇంకా ఉంది.

మామ నన్ను వెంట తీసుకుని క్యాంపుకు పోయాడు. ఆఫీసరు మద్రాసు వైపు నుంచి వచ్చిన అరవాయన, తెలుగు రాదు. మామ ఉర్దూలో మొదలుపెట్టాడు, ఆయనకు అదీ అంతంతమాత్రమే. కిటికీ అవతల బాపు కనబడ్డాడు, నేల మీద కూర్చుని, తలపాగా లేకుండా. బాపును తలపాగా లేకుండా బయట చూడడం నాకు అదే మొదటిసారి. ఆ క్షణం నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఒక్కసారి నోట్లోకి వచ్చేసింది. అమ్మ, రైలు, చీర, కాలేజీ, కిటికీ. వ్యాకరణం ఎక్కడో పోయింది, చరిత్ర క్లాసులో నిద్రపోకుండా వినాల్సింది. ఆఫీసరు కలం కింద పెట్టి విన్నాడు.

"సాయంత్రం కూడా చీర కడుతుందా మీ అమ్మ?" అని అడిగాడు.

"చీకట్లో రంగు కనబడదు సార్" అన్నాను. అబద్ధం కాదు.

కలం తీసి జేబులో పెట్టుకున్నాడు. "రేపు పొద్దున నేను మీ చేలో ఉంటాను. నువ్వు రైలెక్కు. చూద్దాం" అన్నాడు.

అక్టోబర్ 14, శుక్రవారం

ఎప్పటిలాగే ఎక్కాను. ఎప్పటిలాగే సోమమ్మ ముంత ఇచ్చింది. కిటికీలోంచి పదేపదే తొంగి చూస్తుంటే ముంత కదిలి మీగడంతా చెదిరింది. జరిగింది చెప్పాను.  

స్టేషను దాటింది. మంచె మళ్లీ నిలబెట్టారు. గుంజకు ఎర్రచీర. మంచె మీద అమ్మ, కింద టోపీ పెట్టుకుని ఆఫీసరు, ఇద్దరు సిపాయిలు. నేను రుమాలు తీసి ఊపాను. అమ్మ కదలలేదు. భయంతో బిగుసుకుపోయింది. ఊపమ్మా! ఊపు! అని అరిచాను, రైలు చప్పుడులో ఏం వినబడుతుంది?

అప్పుడు నా పక్కనుంచి సోమమ్మ చేయి బయటికి పోయింది, ముంత మూతగుడ్డతో. దాని వెనక ఇంకో చేయి. చూద్దును కదా, ప్రతి కిటికీలోంచీ చేతులే! కుండ కింద చుట్ట చేసుకునే గుడ్డలు, కొంగులు, ఒకామె అయితే కొత్తిమీర కట్ట ఊపింది. ఇన్నాళ్లూ నన్ను చూసి నవ్వినవాళ్లు రోజూ అమ్మను కూడా చూస్తూనే ఉన్నారన్నమాట. "ఓ శ్యామలమ్మా!" అని అరుపులు. అమ్మ పేరు వీళ్లకు ఎవరు చెప్పారు?

అప్పుడు అమ్మ రెండు చేతులూ ఎత్తింది.

ఆఫీసరు నవ్వుతున్నాడని సోమమ్మ అంది. నాకు కళ్లు కనబడలేదు.

మధ్యాహ్నానికి బాపును ఇంటికి పంపారు, చీర కూడా ఇచ్చారు. కానీ హుకుం: ఈ ఊళ్లో ఏ మంచెకూ, ఏ గుంజకూ ఎర్రగుడ్డ కనబడకూడదు.

అక్టోబర్ 16

బాపు మాట్లాడడం లేదు. కొట్టారా అని అమ్మ అడిగితే "లేదు" అన్నాడు. చుట్ట ముట్టించలేదు.

"సదువు సాలు. ఇంటి మగోన్ని క్యాంపుల కూసోబెట్టిన సదువు మాకొద్దు" అంది అవ్వ. నా కోసం దీపం ఆపిన అవ్వే.  

పదిహేను తారీఖు దాటిపోయింది. మంచం కూడా పోయి ఉంటుంది.

అక్టోబర్ 18

బాపు నన్ను బావి దగ్గరికి రమ్మన్నాడు. మోట ఆపి, గిలక పక్కన కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"నువ్వు రైలెక్కినకాడికెంచి మీ అమ్మ అన్నం మంచిగ తిన్నదా? పొద్దుగాల మంచె, మాపటికి మంచె. నేను కందీలు పట్టుకొని స్టేషన్ల. మీ అవ్వ చీకట్ల. నిన్ను ఇంట్ల ఉంచుకున్నమనుకున్నం గని, నువ్వు ఇంట్ల ఉన్నదెప్పుడు? మేమంత రైలు మీదనే ఉన్నం."

 ఇక బందు అంటాడు, అనేస్తాడు అనుకున్నాను.

"క్యాంపుల ఆఫీసర్ తోని నువ్వు మాట్లాడుతుంటె యిన్న. ఒక్క ముక్క సమజ్ కాలే. గని ఆయన యిన్నడు." బాపు తలపాగా సర్దుకున్నాడు. "కలం కింద పెట్టి యిన్నడు బిడ్డా. హాస్టల్ల ఉండు. కండ్ల నిండ నిద్రపో. సదువుకో."

నేను పరిగెత్తాను. ఎందుకో బావి చుట్టూ పరిగెత్తాను! ఎడ్లు బెదిరాయి. బాపు తిట్టాడు. నాలుగు రోజుల తర్వాత మొదటి తిట్టు, ఎంత హాయిగా ఉందో.

హాస్టలు కావాలని నాకు జూలైలోనే ఉంది. రాసేశాను, ఇక చెరపను.

అక్టోబర్ 19

కాలేజీకి పోయి మంచం సంగతి అడిగాను. సావిత్రమ్మ ఆ మంచం మీద తన ట్రంకు పెట్టి కూర్చుందట, వారం నుంచి. "నా చెల్లె వస్తాంది అని చెప్పిన. అబద్ధమా?" అంది.

అక్టోబర్ 22

అవ్వ నాకు సద్ది కట్టడానికి మూడుసార్లు అన్నం వండించింది. "ఆడ ఎవలు వండుతరో" అని ఇంకా అంటూనే ఉంది. ఆ మాటకు ఇప్పుడు కోపం లేదు, కన్నీళ్లున్నాయి.

అమ్మ మాత్రం నా పెట్టె సర్దడానికి కూడా రాలేదు. అమ్మ తన పెట్టె మూత తీసిన చప్పుడు మాత్రం విన్నాను.

అక్టోబర్ 23, ఆదివారం. హాస్టలు

కిటికీ పక్క మంచం మీద కూర్చుని రాస్తున్నాను. వేపచెట్టు ఉంది. సావిత్రమ్మ నా సద్ది తింటోంది.

పొద్దున డబ్బా ఎక్కితే నా ట్రంకు చూసి అందరూ వాళ్లంతట వాళ్లే జరిగారు. నాకంటూ ఒక జాగా వచ్చిన రోజే వెళ్లిపోతున్నాను. అయినా అలవాటుకొద్దీ సోమమ్మ ముంత తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. ఎడమచేత్తో ముంత, కుడిచేత్తో రుమాలు, రోజూలాగే.

మంచెకు ఏమీ ఉండదని తెలుసు. హుకుం ఉంది కదా. పట్టాల పక్కన సిపాయి కూడా ఉన్నాడు. ఆ మాసిన చీరలో అమ్మను ఎలా వెతకాలా అని కళ్లు చిట్లించుకుని కూర్చున్నాను.

వెతకాల్సిన పని లేకపోయింది. గుంజ బోసిగానే ఉంది. మంచె మీద అమ్మ నిలబడి ఉంది, ఇన్నేళ్లూ పెట్టె అడుగున దాచిన ఎర్రచీర కట్టుకుని. తలలో బంతిపూలు. జొన్నచేనంతటి మీదా మా అమ్మ ఒక్కతే ఎర్రగా. సిపాయి తల ఎత్తి చూస్తున్నాడు, చూస్తూనే ఉన్నాడు, అతను చేయగలిగింది ఏమీ లేదు. అమ్మ ఇంత అందంగా ఉంటుందని నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

నేను ఊపుతూ ఉంటే సోమమ్మ నా ఒళ్లోంచి ముంత తీసేసుకుంది.

"గిది నాకియ్యి బిడ్డా. రెండు చేతులూ ఊపు."